కట్టిన ఊరు, కదిలే గాలి: సముద్రతీర సెలవులపై పాఠకుల ప్రశ్నలు

ప్ర: మా తమ్ముడు ఫ్రాన్సులోని మోంపెల్యేలో ఉద్యోగం చేస్తున్నాడు. పిల్లల వేసవి సెలవుల్లో నలుగురం వెళ్లి, ఆ పక్కనే ఉన్న లా గ్రాండ్ మోత్‌లో వారం ఉందామనుకుంటున్నాం. ‘2 పియెస్’ ఫ్లాటు చవగ్గా వస్తోంది. తీసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, భవానీనగర్, తిరుపతి

జ: పియెస్ అంటే గది. అక్కడి లెక్కలో హాలూ ఒక గదే, వంటిల్లు, బాత్‌రూమ్ లెక్కకు రావు. అంటే 2 పియెస్ మన వన్ బీహెచ్‌కే అన్నమాట. ఇద్దరు హాల్లో సోఫా విప్పుకుని పడుకోవాలి. ‘స్టూడియో కాబిన్’ అని ఉంటే ఇంకా ఇరుకు: ఉండేది ఒకే గది, గుమ్మం పక్కన గూట్లో రైలు బెర్తుల్లా ఒకదానిమీద ఒకటి రెండు పడకలు. పిల్లలకు సరదాయే గానీ, పెద్దవాళ్లకు నడుం పట్టేస్తుంది. నలుగురికీ 3 పియెస్ చూసుకోండి.

ఇళ్లు చిన్నవి కావడానికి కారణం ఉంది. 1960ల్లో ఫ్రెంచి ప్రభుత్వం దోమలు ముసిరే ఆ చిత్తడి తీరాన్ని బాగుచేయించి, సెలవులకు వచ్చేవాళ్ల కోసమే ఊరు కట్టించింది. జాఁ బల్లదూర్ అనే ఆర్కిటెక్ట్ మెక్సికో పిరమిడ్ల తీరులో మెట్లుమెట్లుగా భవనాలు గీశాడు. వాటి ముందే మెరీనా. మెరీనా అనగానే మనకు చెన్నై బీచి గుర్తొస్తుంది గానీ, ఇది విహార పడవలు కట్టే రేవు. పిల్లల్ని అందులో దిగనివ్వకండి, పడవల ఫ్యాన్లు తిరుగుతుంటాయి. ఈతకు బీచి వేరే ఉంది.

జూలై, ఆగస్టుల్లో ఇళ్లు అద్దెకు చాలావరకు శనివారం నుంచి శనివారానికే ఇస్తారు. దుప్పట్లు, తువ్వాళ్లు, చివరిరోజు శుభ్రం చేయించడం చాలాచోట్ల విడి ఖర్చు. డిపాజిట్ కూడా ఉంటుంది. అందుకే చేరిన గంటలోనే మరకలు, పగుళ్లు ఫొటో తీసి ఇంటివాళ్లకు పంపేయండి.

మన బళ్లు జూన్ రెండో వారంలో తెరుస్తారు కాబట్టి మీకు మే నెలే కుదురుతుంది. ఎండ బాగుంటుంది, నీళ్లు మాత్రం 20 డిగ్రీల లోపే. తూపిలిపాళెం సముద్రానికి అలవాటుపడ్డ పిల్లలు పది నిమిషాలకే వణికిపోతారు. అక్కడే పొట్టి చేతుల ఈత సూట్లు కొనండి. వీసాకు చెన్నైలో 6 నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు, ప్రయాణానికి 15 రోజుల ముందు గడువు ముగుస్తుంది. 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి.

ప్ర: పిల్లలకు గాలి ఊదే పరుపులు, ట్యూబులు తీసుకెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు, గిరింపేట, చిత్తూరు

జ: వద్దు. లా గ్రాండ్ మోత్ తీరంలో మిస్ట్రాల్, ట్రామోంటాన్ అనే గాలులు నేలవైపు నుంచి సముద్రంలోకి వీస్తాయి. ఆ రోజున ఒడ్డు దగ్గర అలే ఉండదు, నీళ్లు చెరువులా కనిపిస్తాయి. మోసమంతా అక్కడే. పరుపు మీద పడుకున్న బిడ్డను గాలి నిమిషాల్లో లోతుకు తోసేస్తుంది, చేతులతో ఎంత తోసుకున్నా ఎదురుగాలికి వెనక్కి రాలేదు. అదే గాలి పైనున్న వెచ్చటి నీళ్లను నెట్టేస్తే అడుగు నుంచి చల్లటివి పైకొస్తాయి. నిన్న బాగున్న నీళ్లు ఇవాళ జిల్లుమనేది అందుకే, ఆగస్టులో కూడా.

పచ్చ జెండా ఉంటే దిగండి, పసుపైతే ఒడ్డునే ఉండి జాగ్రత్తగా ఆడుకోండి. ఎరుపైతే ఈత నిషేధం, ఊదారంగైతే నీళ్లు కలుషితం. జెండాయే లేకపోతే కాపలా లేనట్టు. ఎవరైనా కొట్టుకుపోతుంటే వెంటపడి ఈదకుండా 112కు గానీ, సముద్ర రక్షణవాళ్ల 196కు గానీ ఫోన్ చేయండి.

ప్ర: నెయ్యి, ఆవకాయ, కరివేపాకు, కుక్కరు వెంట తీసుకెళ్లొచ్చా?
– ఒక పాఠకురాలు, శ్రీకాళహస్తి

జ: నెయ్యి వద్దు, ఐరోపా సమాఖ్యలోకి బయటి నుంచి పాల పదార్థాలు రానివ్వరు. పచ్చి కరివేపాకూ వద్దు, ఎండబెట్టి పొడి కొట్టుకోండి. ఆవకాయను రెండు కవర్లలో బిగించి, చేతిసంచిలో కాకుండా చెకిన్ పెట్టెలో పెట్టండి. కుక్కరు సంగతికొస్తే, ఇంటివాళ్లను పొయ్యి ఇండక్షనా అని ముందే అడగండి. అవునంటే ఫ్రిజ్ మీద అంటించిన అయస్కాంతం బొమ్మను కుక్కరు అడుగున పెట్టి చూడండి. గట్టిగా పట్టుకుంటే పెట్టెలో సర్దుకోండి, జారి పడితే ఆ అల్యూమినియం కుక్కరు అక్కడ వేడెక్కదు.