నంబర్ సిరీస్‌లోనూ ప్యాసేజీలోనూ నేను చేసిన తప్పు ఒకటే

కర్నూలు నుంచి ఒక తమ్ముడు అడిగినాడు: "డిగ్రీ దాకా తెలుగు మీడియం. బ్యాంక్ క్లర్క్ ప్రిలిమ్స్‌కి ప్రిపేర్ అవుతున్నా. నంబర్ సిరీస్‌లో తర్వాత ఏ నంబర్ రావాలో లాజిక్ తట్టదు, ఇంగ్లీష్‌లో రీడింగ్ కాంప్రహెన్షన్ దగ్గరే టైమంతా పోతుంది. ఏం చేయాలన్నా?"

తమ్ముడూ, నాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం దగ్గర పల్లె. నేనూ తెలుగు మీడియమే. రెండుసార్లు ప్రిలిమ్స్‌లోనే, అంటే మొదటి దశ పరీక్షలోనే పోయి మూడోసారికి గట్టెక్కినా, ఇప్పుడు బ్యాంకులో కౌంటర్లో కూర్చుంటున్నా. కొంచెం పెద్దగానే రాస్తా, ఓపిగ్గా చదువు.

ముందు టైమ్ లెక్క తెలుసుకో. న్యూమరికల్‌లో, అంటే లెక్కల సెక్షన్‌లో 35 ప్రశ్నలకు 20 నిమిషాలు, అంటే ఒక్కోదానికి 34 సెకన్లు. ఇంగ్లీష్‌లో 30 ప్రశ్నలకు 20 నిమిషాలు, ఒక్కోదానికి 40 సెకన్లు. తప్పు పెడితే పావు మార్కు కోత. 2021లో నిర్ణయం అయినాక క్లర్క్ పరీక్ష తెలుగులో కూడా రాసుకోవచ్చు, లెక్కలు రీజనింగ్ మనకు హాయి, కానీ ఇంగ్లీష్ సెక్షన్ ఎట్లైనా ఇంగ్లీషే కదా, అక్కడ తప్పించుకునే దారి లేదు.

నేను మొదటిసారి ప్రిపేర్ అయినప్పుడు ఒక కోచింగ్ సెంటర్లో నంబర్ సిరీస్ మోడల్స్ అని లావుపాటి జిరాక్స్ పుస్తకం ఇచ్చినారు, అన్నీ బట్టీ పట్టమన్నారు. పట్టినా. పరీక్షలో సిరీస్ కనపడంగానే ఇది ఏ పేజీలో ఉండేదబ్బా అని గుర్తు తెచ్చుకుంటూ కూర్చున్నా తప్ప ఎదురుగా ఉన్న నంబర్లను చూడలేదు. అదే నా మొదటి తప్పు. బట్టీ పట్టాల్సింది వేరే ఉంది: 30 దాకా వర్గాలు, 15 దాకా ఘనాలు, 100 లోపు ప్రధాన సంఖ్యలు. ఇవి నిద్రలో లేపి అడిగినా చెప్పాలి. 28, 65, 126, 217 అని కనపడంగానే 27, 64, 125, 216 అనే ఘనాలకు ఒకటి కలిసిందని తట్టాలి, అప్పుడు తర్వాతది 344 అని చెప్పడానికి పెన్ను కూడా అక్కర్లేదు.

మిగతాదంతా చూపు. లెక్క మొదలుపెట్టే ముందు రెండు సెకన్లు ఆ నంబర్ల నడక చూడు. నింపాదిగా పెరుగుతున్నాయా, ఒక్కసారిగా ఎగురుతున్నాయా, కిందికి దిగి మళ్ళీ ఎక్కుతున్నాయా? నింపాదిగా పెరిగితే తేడాలు తీయి. 7, 12, 22, 37, 57 ఉంటే తేడాలు 5, 10, 15, 20, కాబట్టి ఇంకో 25 కలిపితే 82, అంతే. ఎగురుతుంటే గుణకారం ఉంటుంది. 5, 6, 14, 45, 184 చూడు, 45 నుంచి 184 అంటే నాలుగు రెట్ల పైన, నాలుగు నలభై ఐదులు 180, ఇంకో 4. వెనక్కి పో, మూడు పద్నాలుగులు 42, ఇంకో 3. అర్థమైపోయింది కదా, తర్వాతది 184 ఇంటూ 5 ప్లస్ 5, అంటే 925. ఇక్కడ నేను చివర నుంచి మొదలుపెట్టినా, గమనించినావా? మొదట్లో చిన్న నంబర్ల మధ్య ఏ సంబంధమైనా కుదురుతుంది, 5కి 6కి మధ్య ప్లస్ ఒకటి అనుకోవచ్చు, ఇంకేమైనా అనుకోవచ్చు. పెద్ద నంబర్లు అంత తొందరగా మోసం చేయవు. దిగి ఎక్కేది ఉంటే, 16, 8, 8, 12, 24 లాంటిది, సగం, ఒకటి, ఒకటిన్నర, రెండు, రెండున్నర రెట్లు అని పోతుంది, జవాబు 60. మొదట సగమై, తర్వాత అట్లే ఉండి, ఆ తర్వాత పెరిగితే మాత్రం ఫస్ట్ ఈ దారే పట్టు.

ఇప్పుడు నన్ను ముంచింది చెప్తా. 1, 2, 4 అని ఉంటే తర్వాత ఏమొస్తుంది? ఎనిమిది అంటావు. ఏడు కూడా రావచ్చు, ఒకటి రెండు మూడు అని కలుపుకుంటూ పోతే. మూడు నంబర్లు చూసి రూల్ తేల్చేసేవాణ్ని, నాలుగోది సరిపోకపోతే రూల్ తప్పని అనుకోకుండా లెక్కలో తప్పు చేసినానేమో అని మళ్ళీ మళ్ళీ గుణించేవాణ్ని. రెండోసారి రాసినప్పుడు రాంగ్ నంబర్ సిరీస్ (వరుసలో తప్పుగా ఉన్న ఒక నంబర్‌ను పట్టుకోవాలి) ఒకదాని దగ్గరే నాలుగు నిమిషాలు పోయినాయి, ఇరవైలో నాలుగు, అప్పుడు చేతికి పట్టిన చెమట ఇంకా గుర్తుంది. రాంగ్ నంబర్‌లో ఒక కిటుకు ఉంది, అప్పుడు అది తెలీదు. ఒక్క నంబర్ తప్పైతే పక్కపక్కన ఉన్న రెండు తేడాలు చెడతాయి. 3, 5, 9, 17, 32, 65 తీసుకో. తేడాలు 2, 4, 8, 15, 33. రెండు నాలుగు ఎనిమిది బాగానే వచ్చి 16, 32 రావాల్సిన చోట 15, 33 వచ్చినాయి, ఒకటి తగ్గింది, ఇంకోటి అంతే పెరిగింది. ఆ రెండు తేడాల మధ్యలో నిలబడిన నంబరే దొంగ, 32. అక్కడ 33 ఉండాలి.

ఇంక ప్యాసేజీ, అదే రీడింగ్ కాంప్రహెన్షన్. ఇక్కడ నా బాధ వేరే. ఇంగ్లీష్ రాక తప్పు చేస్తున్నానని చాలా రోజులు అనుకున్నా, డిక్షనరీ పట్టుకుని మాటలు నేర్చుకున్నా, మార్కులు మాత్రం కదల్లేదు. ఒక మాక్ టెస్ట్‌లో విషయం తేలింది. మెట్ట ప్రాంతాల్లో వేరుశనగ సాగు మీద ప్యాసేజీ వచ్చింది. మా ఇంట్లో తాతల నాటి నుంచి వేసేది చెనిక్కాయే, ఇంక నాకు తిరుగులేదు అనుకున్నా. అందులో ఉన్నది ఇది: వాన అదునుకు పడక దిగుబడి పడిపోతోంది, అందుకని రైతులు వేరే పంటలకు మారుతున్నారు, అయితే డ్రిప్ ఉన్నవాళ్ళు మాత్రం వేరుశనగ వదల్లేదు. ప్రశ్న: రచయిత ప్రకారం రైతులు పంట ఎందుకు మారుస్తున్నారు? ఆప్షన్లలో అప్పు పుట్టకపోవడం, గిట్టుబాటు ధర లేకపోవడం, వానలు అదునుకు రాకపోవడం, కూలీలు దొరక్కపోవడం. నేను ఆలోచించకుండా ధర అని కొట్టినా. ఎందుకంటే మా నాయన ఏటా కాయలు అమ్మి ఇంటికొచ్చి అనే మాట అదే. మా ఇంటి వరకు అది నిజమే, కానీ ఆ ప్యాసేజీలో ధర అనే మాటే లేదు. దాని కిందనే ఇంకోటి, డ్రిప్ ఉన్న రైతులంతా లాభాల్లో ఉన్నారు అని. అదీ కరెక్ట్ అని పెట్టినా. ప్యాసేజీ చెప్పింది వాళ్ళు పంట వదల్లేదు అని మాత్రమే, లాభం ఊసే లేదు, పైగా "అంతా" అనే మాట ఎక్కడి నుంచో వచ్చి కూర్చుంది.

రాత్రి ఆ సొల్యూషన్ చూసుకుంటూ కూర్చుంటే అప్పుడు తట్టింది, సిరీస్‌లో నేను చేసే పని కూడా ఇదే కదా అని. అక్కడ మూడు నంబర్లు చూసి మిగతావి నా తలలోంచి తెచ్చుకుంటున్నా, ఇక్కడ మూడు లైన్లు చదివి మిగతాది మా ఇంట్లోంచి తెచ్చుకుంటున్నా.

దీన్ని సరిచేసింది కోచింగ్ కాదు, మా నాయన. నేను అనంతపురంలో సప్తగిరి సర్కిల్ దగ్గర రూమ్‌లో ఉండేవాణ్ని, రోజూ లైబ్రరీలో ఇంగ్లీష్ పేపర్ ఎడిటోరియల్ ఒకటి చదివేవాణ్ని. సాయంత్రం నాయన ఫోన్ చేసి ఈ పొద్దు ఏం చదివినావురా అనేవాడు. ఆయన చదివింది ఐదో క్లాసు. నేను ఎడిటోరియల్ అంతా చెప్పుకుంటూ పోతే మధ్యలో ఆపి, "అదంతా సరే రా, ఇంతకూ ఆయప్ప ఏమంటాడు?" అనేవాడు. చాలాసార్లు నా దగ్గర జవాబు ఉండేది కాదు. మాటలన్నీ తెలుసు, అర్థాలు తెలుసు, రాసినాయన ఏమంటున్నాడో తెలీదు. పొద్దున మళ్ళీ పోయి అదే ఎడిటోరియల్ చదివేవాణ్ని, నాయనకు ఒక్క మాటలో చెప్పాలి కదా అని. రెండు నెలలు ఇట్లే జరిగింది. తర్వాత పేరా చదవడం అయిపోంగానే "ఆయప్ప ఏమంటాడు" అని నా లోపలే వినపడేది, దానికి తెలుగులో ఒక లైన్ చెప్పుకుని కింది పేరాకు పోయేవాణ్ని. తెలుగులో అనుకుంటే టైమ్ వేస్ట్ అని కొందరు అంటారు, ఇంగ్లీష్‌లోనే ఆలోచించమంటారు. నేను ఒప్పుకోను. లైన్ లైన్ తర్జుమా చేస్తే వేస్టే, కానీ పేరాకు ఒక్క ముక్క మన భాషలో అనుకుంటే అది గుర్తుంటుంది, ప్రశ్న చదివినాక ఏ పేరాకు పోవాల్నో వెంటనే తెలుస్తుంది.

పరీక్షలో నేను చేసే వరుస చెప్తా. ముందు ప్రశ్నలు మాత్రం ఒకసారి కన్నేసి చూస్తా, ఆప్షన్లు చదవను, చదివితే తల నిండిపోతుంది. తర్వాత ప్యాసేజీ ఒకే ఒక్కసారి. హౌఎవర్, ఆల్దో, డిస్పైట్ లాంటివి కనపడితే అక్కడ నిదానిస్తా, ఎందుకంటే బండి మలుపు తిరిగేది అక్కడే, ప్రశ్నలు కూడా ఎక్కువగా ఆ మలుపు దగ్గరే పుడతాయి. జవాబు పెట్టే ముందు ఆ లైన్ మీద వేలు పెట్టగలనా అని చూస్తా. వేలు పెట్టడానికి లైన్ లేకపోతే అది నా ఇంట్లోంచి వచ్చిన జవాబు. ఆల్, ఓన్లీ, ఆల్వేస్, నెవర్ ఉన్న ఆప్షన్ ఉంటే ప్యాసేజీలో కూడా అంత గట్టిగా అన్నారా అని వెతుకుతా, చాలాసార్లు అనుండరు. నాట్ ట్రూ అని అడిగిన ప్రశ్నలో ఆ నాట్ అనే మాటను రఫ్ పేపర్ మీద రాసుకుంటా, నవ్వుకోవద్దు, తెలిసి తెలిసీ ఎన్ని మార్కులు పోయినాయో దాని వల్ల.

సిరీస్ మాత్రం 40 సెకన్లలో కనపడకపోతే వదిలేసేయి. టైమ్ మిగిలితే మళ్ళీ వస్తాం, రెండోసారి చూసినప్పుడు కళ్ళకు కొత్తగా ఉంటుంది, చాలాసార్లు వెంటనే దొరుకుతుంది కూడా.

ఒకటి నీకు ఇస్తున్నా: 4, 9, 20, 43, 90, తర్వాత ఏంది? రెండు దారుల్లో వస్తుంది, రెండూ వెతుకు. జవాబొక్కటే కాదు, ఏ నంబర్ దగ్గర మొదలుపెట్టినావో, ఎట్లా పోయినావో అది కూడా రాయి, చూసి చెప్తా.