రిమోట్ నొక్కినా డిస్కు మాట వినకపోతే...

మీ ప్రశ్నలు - మా జవాబులు

ప్రశ్న: పిల్లల కోసం కొన్న సినిమా డీవీడీ పెట్టిన ప్రతిసారీ ముందు హెచ్చరిక, ఆ తర్వాత నాలుగు ట్రైలర్లు. నెక్స్ట్ నొక్కినా, మెనూ నొక్కినా తెర మూలన అడ్డగీత గుర్తు వచ్చి పోతోంది. ప్లేయరు పాడైనట్టేనా? (తెనాలి)

జవాబు: ప్లేయరు నిక్షేపంగా ఉంది. డిస్కు వద్దంటే వద్దంటోంది, అంతే. డీవీడీలో సినిమాతో పాటు ఏ బటన్ ఎక్కడ పనిచేయకూడదో చెప్పే సూచనలూ ఉంటాయి. వీటిని యూఓపీలంటారు, మొత్తం 25 రకాలు. స్టాప్‌కి ఒకటి, పాజ్‌కి ఒకటి, ఫాస్ట్ ఫార్వర్డ్‌కి ఒకటి; తర్వాతి చాప్టర్, మెనూ, ఆడియో, సబ్‌టైటిల్... దేనికది విడిగా. టైటిల్ (డిస్కులో విడిగా ఆడే ఒక్కో వీడియో) మొత్తానికీ పెట్టొచ్చు, అందులో ఒక భాగానికీ పెట్టొచ్చు, సెకనుకు మించని చిన్న ముక్కకూ పెట్టొచ్చు. ఈ మూడింట్లో ఏ ఒక్కచోట వద్దని ఉన్నా ఆ బటన్ పలకదు.

దేనికది విడిగా ఉండటమే మనకు కలిసొచ్చే సంగతి. నెక్స్ట్‌నీ మెనూనీ కట్టేసి ఫాస్ట్ ఫార్వర్డ్‌ని వదిలేసిన డిస్కులుంటాయి. ముందు అది నొక్కండి. 8ఎక్స్ వేగంలో రెండు నిమిషాల ట్రైలర్ పావు నిమిషంలో అయిపోతుంది.

అదీ పలక్కపోతే స్టాప్, మళ్లీ స్టాప్, ఆపైన ప్లే. మొదటి స్టాప్‌కి ప్లేయరు ఆగిన చోటును గుర్తుపెట్టుకుంటుంది, రెండోది ఆ గుర్తును చెరిపేస్తుంది. అప్పుడు ప్లే నొక్కితే చాలా ప్లేయర్లు ఆరంభంలో వచ్చే సరంజామా అంతా వదిలేసి నేరుగా ఒకటో టైటిల్‌కి వెళ్తాయి. సాధారణంగా సినిమా అదే. ట్రైలర్‌నే ఒకటో టైటిల్ చేసిన డిస్కుల్లో ఈ చిట్కా పారదు. అలాంటప్పుడు గోటు లేదా సెర్చ్ బటన్‌తో 2, 3 టైటిళ్లు అడిగి చూడండి. స్టాప్‌నే కట్టేసి ఉంటే మాత్రం ఆ ముక్క అయ్యేదాకా కూర్చోవాల్సిందే.

అన్నట్టు, ఆ హెచ్చరికలన్నీ చట్టం కోసమే అనుకోకండి. మన కాపీరైటు చట్టం 52ఏ సెక్షన్ సెన్సార్ సర్టిఫికెట్, తయారీదారు, హక్కుదారుల వివరాలు వీడియోలో చూపించమంటుంది. ట్రైలర్ దాటకుండా రిమోట్ చేతులు కట్టేయమని అందులో లేదు.

ప్రశ్న: అలా మొండికేసే డిస్కే కంప్యూటర్‌లో వీఎల్‌సీ అనే ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌తో చూస్తే అన్ని బటన్లూ పనిచేస్తున్నాయి. ఇది నేరమా? (హనుమకొండ)

జవాబు: వీఎల్‌సీ ఆ వద్దనే సూచనలను లెక్కచేయదు, అందుకే తేడా. మెనూ కూడా అక్కర్లేదనుకుంటే మీడియాలో ఓపెన్ డిస్క్‌కి వెళ్లి, నో డిస్క్ మెనూస్ దగ్గర టిక్ పెట్టి, టైటిల్ అంకె వేసి ప్లే చేయండి. ఏది సినిమానో తెలియకపోతే ఒక్కోటీ పెట్టి చూడటమే. గంటల నిడివి ఉన్నది అదే.

ఇక నేరం సంగతి. 2012 సవరణతో వచ్చిన 65ఏ సెక్షన్ ప్రకారం, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక రక్షణను (డిస్కుకు వేసే కాపీ తాళం లాంటిది) ఛేదిస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. కొన్న డిస్కును ఇంట్లో చూసుకోవడంలో ఆ ఉద్దేశం ఎక్కడుంది? అమెరికాలో ఉన్న మనవాళ్లు మాత్రం జాగ్రత్త. అక్కడి 1998 నాటి చట్టం ఉద్దేశం చూడదు, తాళం పగలగొట్టడాన్నే తప్పంటుంది.

ప్రశ్న: పెళ్లి డీవీడీ మా అమ్మాయి న్యూజెర్సీ తీసుకెళ్లింది. అక్కడ ప్లేయర్‌లో పెడితే డిస్కు చదవలేనంటోంది. మా ఇంట్లో బ్రహ్మాండంగా ఆడింది. రీజియన్ లాక్ తీయించమని స్టూడియో వాళ్లనడిగితే అలాంటిది లేదంటున్నారు. (రాజమహేంద్రవరం)

జవాబు: స్టూడియో వాళ్లు నిజమే చెప్తున్నారు. రీజియన్ అంటే ఏ దేశాల ప్లేయర్లలో డిస్కు ఆడాలో చెప్పే అంకె. ఇండియా రీజియన్ 5, అమెరికా రీజియన్ 1 అయినా, ఆ గొడవ కంపెనీలు అచ్చువేసే సినిమా డిస్కులది. స్టూడియోలో రాసిన డిస్కు మామూలుగా అన్ని రీజియన్లకూ ఆడుతుంది. మీకు అడ్డం వచ్చింది పాల్, ఎన్‌టీఎస్‌సీ అనే రెండు టీవీ బొమ్మ పద్ధతుల తేడా. మనది పాల్, అమెరికాది ఎన్‌టీఎస్‌సీ. మన పాల్ డీవీడీ బొమ్మ 720×576, సెకనుకు 25 ఫ్రేములు. అమెరికాది 720×480, దాదాపు 30. మన దగ్గర అమ్మే ప్లేయర్లూ టీవీలూ మామూలుగా రెండూ తీసుకుంటాయి. అమెరికా ప్లేయర్లలో చాలావాటికి పాల్ తెలియదు. కొన్ని డిస్కునే వద్దంటాయి, కొన్ని నలుపు తెలుపులో దొర్లే బొమ్మ చూపిస్తాయి.

అమ్మాయిని ముందు ప్లేయర్ సెటప్‌లో టీవీ టైప్ అనే చోట ఎన్‌టీఎస్‌సీ పెట్టి చూడమనండి. ప్లేయరుకు మార్చే శక్తి ఉంటే బొమ్మ వస్తుంది. రాకపోతే కంప్యూటర్‌లో పెట్టమనండి, దానికి ఈ తేడా పట్టదు. డిస్కులోని వీడియో_టీఎస్ ఫోల్డర్‌లో ఒక్కోటి 1 జీబీకి మించకుండా వీఓబీ ఫైళ్లుంటాయి. చివర సున్నా ఉన్నది మెనూ. 1, 2, 3 ఉన్నవి పెళ్లి. స్టూడియో డిస్కుకు తాళం ఉండదు కాబట్టి వాటిని కాపీ చేసుకోవచ్చు.

అన్నిటికన్నా మేలు, స్టూడియోలో ఎడిట్ ఫైల్ ఉండగానే ఎంపీ4గా పెన్‌డ్రైవ్‌లోకి ఇమ్మని అడగడం. డిస్కే కావాలంటే ఎన్‌టీఎస్‌సీలో రాసి ఫైనలైజ్ చేయమనండి, అంటే రాయడం ముగించి డిస్కును మూసేయమనండి. ఫైనలైజ్ చేయని డిస్కు రాసిన మెషీన్‌లో ఆడుతుంది, పొరుగింట్లో ఆడదు.

ప్రశ్న: మాది వీడియో స్టూడియో. మేము ఏ నిషేధమూ పెట్టకపోయినా, నెక్స్ట్ పనిచేయట్లేదని కస్టమర్లు గొడవ. (సిద్దిపేట)

జవాబు: తెర మీద అడ్డగీత గుర్తు వస్తోందా? రాకుండా మళ్లీ మొదటికో మెనూకో పోతుంటే, మీరు మూడు గంటల పెళ్లినీ ఒకే చాప్టర్‌గా రాశారన్నమాట. నెక్స్ట్ వెళ్లడానికి చోటేదీ? ఒక టైటిల్‌లో 99 చాప్టర్ల దాకా కుదురుతుంది. అయిదు నిమిషాలకొకటి పెట్టినా మూడు గంటలకు 36. జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు మొదలయ్యే చోట్ల విడిగా పెడితే ఇంకా మంచిది. అందరూ వెతికేది అవే.

ప్రశ్న: అమెరికా నుంచి అన్నయ్య తెచ్చిన సినిమా డిస్కు పెడితే లాప్‌టాప్ రీజియన్ మార్చమంటోంది. మార్చవచ్చా? (కర్నూలు)

జవాబు: అయిదు సార్లే మార్చగలరు. ఆ తర్వాత చివర పెట్టినదే శాశ్వతం. ఈ లెక్క విండోస్‌లో ఉండదు, డ్రైవ్‌లోనే ఉంటుంది. ఫార్మాట్ చేసినా మళ్లీ మొదటికి రాదు. ఎన్ని మిగిలాయో డివైస్ మేనేజర్‌లో డీవీడీ డ్రైవ్ ప్రాపర్టీస్ తెరిచి డీవీడీ రీజియన్ అనే చోట చూడండి. మార్చేముందు వీఎల్‌సీలో ప్రయత్నించండి. చాలా డ్రైవ్‌లలో మార్చకుండానే ఆడుతుంది, కొన్ని మాత్రం తాళంచెవి ఇవ్వనని భీష్మించుకుంటాయి. తరచూ అమెరికా డిస్కులు వచ్చే ఇల్లయితే యూఎస్‌బీ డ్రైవ్ ఒకటి కొని రీజియన్ 1కి వదిలేయండి. బ్లూ-రే అయితే లెక్క వేరు: అమెరికా ఏ, ఇండియా సీ.

ప్రశ్న: పాత భక్తిపాటల వీసీడీలో అంకె నొక్కితే పాట రాదు, మెనూలోనే తిరుగుతుంది. (ఒంగోలు)

జవాబు: రిమోట్ మీద పీబీసీ (వీసీడీ మెనూను నడిపే సదుపాయం) బటన్ నొక్కి ఆఫ్ చేయండి. అప్పుడు మెనూ పక్కకు తప్పుకుని ట్రాకులు వరసగా వస్తాయి. ఒకటో ట్రాక్ మెనూ బొమ్మో, కంపెనీ ప్రకటనో అయి ఉండొచ్చు, కాబట్టి మూడో పాటకు 4 నొక్కాల్సి రావచ్చు.