ఫీజు ఒక్కటే సరిపోదమ్మా: ఉగాండాలో పిల్లను బోర్డింగ్ బడిలో చదివించేటప్పుడు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

కంపాలాలో ఉద్యోగంలో కుదురుకున్నాక ఒక పేదింటి పిల్లను బోర్డింగ్‌లో వేసి చదివిస్తానన్నావు. చాలా సంతోషం. ముందు నీ స్తోమత లెక్క వేసుకో. అక్కడ ప్రైమరీ 7 ఏళ్లు, ఆపైన హైస్కూల్లో ఓ-లెవెల్ అనే మొదటి దశ 4, ఏ-లెవెల్ అనే పై దశ 2. పీ5లో, అంటే ప్రైమరీ ఐదో తరగతిలో చేర్చిన పిల్ల ఓ-లెవెల్ గట్టెక్కాలంటే 7 ఏళ్లు నువ్వు నిలబడాలి. ఇద్దర్ని మొదలుపెట్టి ఒకరిని నడిమధ్యలో వదిలేసేకంటే ఒక్కరినే చివరిదాకా చదివించు.

అసలు చిక్కంతా ఇంగ్లీషుతో. పల్లె బడుల్లో పీ3 దాకా పాఠాలు స్థానిక భాషలో సాగుతాయి, పీ4లో ఇంగ్లీషుకు మారతారు. పీ7 చివర రాసే ప్రైమరీ ముగింపు పరీక్ష పీఎల్‌ఈలో లెక్కలు, సైన్సు, సోషల్ కూడా ఇంగ్లీషులోనే. ఒక్క సైన్సు పేపర్లోనే 55 ప్రశ్నలుంటాయి. ప్రశ్న అర్థం కాని పిల్లకు జవాబు తెలిసినా మార్కు రాదు. అందుకని చేర్చేముందు పీ3 ఇంగ్లీషు వాచకంలో ఒక పేజీ పైకి చదివించి చూడు. కూడబలుక్కుంటూ చదివితే, వయసు చూసి పీ5లో కూర్చోబెడతామంటే ఒప్పుకోకు, పీ4లోనే వెయ్యి. ఏడాది పోయిందని ఇంట్లోవాళ్లు నొచ్చుకుంటారు, ఓపిగ్గా నచ్చజెప్పు. ఆ ఏడాది ఖర్చూ నీ లెక్కలో కలుపుకో.

ఫీజు బాకీ ఉంటే టర్ము మధ్యలోనే పిల్లల్ని ఇంటికి పంపేస్తారు. ఆ రెండు మూడు వారాల పాఠాలు మళ్లీ ఎవరూ చెప్పరు. బడి తెరవడానికి రెండు వారాల ముందే, ఎవరి చేతికీ ఇవ్వకుండా, నేరుగా బడి బ్యాంకు ఖాతాలో కట్టి రసీదు దాచు. ఫీజుతో పాటు రిక్వైర్‌మెంట్స్ చీటీ కూడా అడుగు. తెల్లకాగితాల రీము, టాయిలెట్ పేపరు, చీపుర్లు, సబ్బులు ఎన్నెన్ని తేవాలో అందులో ఉంటుంది. మొదటిసారి పరుపు, దుప్పటి, బేసిను, ప్లేటు, తాళమున్న ఇనప పెట్టె కూడా కావాలి. తాళానికి రెండో చెవి హాస్టల్లో పిల్లల్ని చూసుకునే మేట్రన్ దగ్గర ఉంచు. దోమతెరతో పాటు దాన్ని బంకు మంచానికి కట్టే తాడు కూడా పెట్టు, తాడు లేక తెర పెట్టెలోనే ఉండిపోతే మలేరియాతో తరగతులు పోతాయి. పెద్దపిల్లయితే టర్ముకు సరిపడా శానిటరీ ప్యాడ్లు నువ్వే కొనిపెట్టు. నోరు తెరిచి అడగదు.

ప్రోగ్రెస్ రిపోర్టులో టర్ము మొదట్లో, మధ్యలో, చివర పెట్టిన పరీక్షలకు బీఓటీ, ఎంఓటీ, ఈఓటీ అని మూడు గళ్లుంటాయి. ఒక్కో సబ్జెక్టుకు 1 అన్నిటికన్నా మంచి గ్రేడు, 9 అంటే తప్పినట్టు. ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సోషల్ నాలుగూ కలిపితే 4 అత్యుత్తమం, 36 అధమం. మన అలవాటు కొద్దీ 30 చూసి మురిసిపోకు. క్లాసులో ఎన్నో ర్యాంకన్నది పక్కనపెట్టి, కిందటి ఈఓటీ నుంచి కొత్త బీఓటీకి ఎంత జారిందో చూడు. ప్రతిసారీ బాగా జారుతుంటే సెలవుల్లో పుస్తకం తియ్యడం లేదన్నమాట. తప్పు పిల్లది కాదు, నీళ్లు మొయ్యాలి, పొలానికి వెళ్లాలి, రాత్రి దీపం ఉండదు. ఒక సోలార్ లాంతరు కొనివ్వు. సెలవులకు వచ్చేటప్పుడు ఇంటికి మొక్కజొన్న పిండి, చిక్కుడు గింజలు పంపి, పొద్దుగూకే ముందు రెండు గంటలు పిల్లను పనికి పిలవొద్దని వాళ్లమ్మను బతిమాలుకో.

టర్ములో తల్లిదండ్రులు చూడవచ్చే రోజుకు వాళ్లమ్మకు బస్సు ఖర్చులివ్వు. ఆమెకు వీలుకాకపోతే నువ్వే వెళ్లు, వెళ్లినప్పుడు నోటు పుస్తకాలు తిప్పి టీచరు దిద్దారో లేదో చూడు.

పీ7 మొదటి టర్ములోనే పీఎల్‌ఈ రిజిస్ట్రేషన్‌లో పేరు, పుట్టినతేదీ జనన ధ్రువపత్రంతో అక్షరం అక్షరం సరిచూడు. ఓ-లెవెల్ పరీక్షకు నమోదయ్యేటప్పుడు ఈ పీఎల్‌ఈ వివరాలే అడుగుతారు, అప్పుడు దిద్దించాలంటే నెలలు తిరగాలి.