8.8.8.8 పెట్టేసే ముందు ఆ ఫైలు ఎవరిదో చూడండి

ప్రశ్న: ఉబుంటు ల్యాప్‌టాప్‌లో వైఫై కనెక్ట్ అయినట్టే చూపిస్తోంది. 8.8.8.8 (గూగుల్ డీఎన్ఎస్ సర్వర్) కి పింగ్ వెళ్తోంది, కానీ ఒక్క సైటూ తెరుచుకోవట్లేదు. రిజాల్వ్.కాన్ఫ్ ఫైల్లో నేమ్‌సర్వర్ మారిస్తే పనిచేస్తుంది, రీబూట్ చేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. శాశ్వతంగా ఎలా మార్చాలి?

జవాబు:

సగం పని మీరే చేసేశారు. అంకెల అడ్రస్‌కి పింగ్ వెళ్తోందంటే వైఫై, ఐపీ, రూటు, రూటర్ అవతలి లైను అన్నీ బాగున్నట్టే. చెడింది పేరును అంకెలుగా మార్చే చోట, అంటే డీఎన్ఎస్ దగ్గర మాత్రమే. రూటర్ ప్లగ్ పీకి పెట్టడం, వైఫై డ్రైవర్ మళ్లీ ఎక్కించడం, కెర్నల్ మార్చడం లాంటి సలహాలు ఎవరిస్తున్నా పక్కన పెట్టండి. (కమాండ్లు పలికినట్టు రాస్తున్నాను, టెర్మినల్లో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో, చిన్న అక్షరాల్లోనే కొట్టాలి, పెద్దది కావాల్సిన చోట చెబుతాను.)

పింగే వెళ్లని వాళ్లు డీఎన్ఎస్ జోలికి రావద్దు. «ఐపీ -బీఆర్ ఎ» కొట్టి చూడండి. 169.254 తో మొదలయ్యే అడ్రస్ కనపడితే డీహెచ్‌సీపీ (మెషీన్‌కి అడ్రస్ పంచే ఏర్పాటు) నుంచి జవాబు రాలేదని అర్థం. «ఐపీ రూట్»లో డీఫాల్ట్ అనే లైను లేకపోతే బయటికి దారే లేదు. వైఫై కార్డు ఉండీ నెట్‌వర్క్‌లేవీ కనపడకపోతే «ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్». అక్కడ బ్లాక్డ్ యెస్ అని ఉంటే సాఫ్ట్‌వేర్ స్విచ్చో, కీబోర్డు మీద ఉన్న బటనో ఎవరో నొక్కారు.

ఇక మీ ఫైలు సంగతి. తెరవకండి, ముందు ఇది కొట్టండి:

ఎల్ఎస్ -ఎల్ /ఈటీసీ/రిజాల్వ్.కాన్ఫ్

చివర ఒక బాణం గుర్తు, దాని పక్కన రన్ అనే డైరెక్టరీలోని స్టబ్-రిజాల్వ్.కాన్ఫ్ కనిపిస్తుంది. అంటే మీరు దిద్దుతున్నది అసలు ఫైలే కాదు, ఓ లింకు. లింకు చూపించే రన్ డైరెక్టరీ ర్యామ్‌లో ఉంటుంది, మెషీన్ ఆపితే ఖాళీ అయిపోతుంది. మళ్లీ బూట్ అయినప్పుడు పేర్లు వెతికిపెట్టే సిస్టమ్‌డీ-రిజాల్వ్డ్ అనే సర్వీసు ఆ ఫైల్ని కొత్తగా రాసుకుంటుంది. మీ మార్పు పోవడంలో వింతేమీ లేదు, బోర్డు మీద సుద్దతో రాసి రేపు ఉండాలంటే ఎలా?

ఉబుంటులో ఎన్నో ఏళ్లుగా వ్యవహారం ఇలాగే ఉంది. ఫెడోరా కూడా 33వ వెర్షన్‌తో 2020లో ఇదే దారిలోకి వచ్చింది. అయినా నెట్లో ఇప్పటికీ పైకి తేలే వ్యాసాల్లో సగం «ఆ ఫైలు తెరిచి రెండు లైన్లు రాయండి» దగ్గరే ఆగిపోయాయి. పైగా పేర్లొకటి: రిజాల్వ్.కాన్ఫ్ ఒక ఫైలు, రిజాల్వ్‌కాన్ఫ్ ఒక ప్యాకేజీ, రిజాల్వ్డ్ ఒక సర్వీసు, రిజాల్వ్‌సీటీఎల్ ఒక కమాండు. కొత్తగా వచ్చినవాళ్ల బుర్ర తినడానికే పెట్టినట్టుంటాయి.

ఫైలు లోపల నేమ్‌సర్వర్ 127.0.0.53 అని ఉంటుంది. దాన్ని చూసి «ఇదేదో తప్పు అడ్రస్» అని చాలామంది చెరిపేస్తారు. తప్పేమీ కాదు. అది మీ మెషీన్‌లోనే కూర్చున్న గుమాస్తా. ప్రోగ్రాములన్నీ అతన్ని అడుగుతాయి, అతను బయటి సర్వర్ని అడిగి చెబుతాడు. గుమాస్తా ఎవర్ని అడుగుతున్నాడో తెలుసుకోవాలంటే:

రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్

పైన గ్లోబల్ భాగంలో «రిజాల్వ్.కాన్ఫ్ మోడ్» అని ఒక లైనుంటుంది. స్టబ్ అని ఉంటే ఏర్పాటు సరిగ్గా ఉంది. ఫారిన్ అని ఉంటే లింకు తీసేసి ఆ స్థానంలో ఎవరో మామూలు ఫైలు పెట్టారు. మిస్సింగ్ అని ఉంటే ఫైలే లేదు. కింద ఒక్కో నెట్‌వర్క్ కార్డుకి కరెంట్ డీఎన్ఎస్ సర్వర్, డీఎన్ఎస్ సర్వర్స్ అని విడివిడిగా వస్తాయి. మీ వైఫై కార్డు కింద ఉన్న అడ్రస్సే ముద్దాయి. అది సాధారణంగా మీ రూటరే అవుతుంది, 192.168.1.1 లాంటిది.

ఇప్పుడు ఆ అడ్రస్‌నే నేరుగా నిలదీయండి:

డిగ్ @192.168.1.1 ఎగ్జాంపుల్.కామ్ +టైమ్=2 +ట్రైస్=1

తర్వాత అదే ప్రశ్న @1.1.1.1 కి (అందరికీ తెరిచి ఉన్న బయటి డీఎన్ఎస్ సర్వర్) వేయండి. రెండు జవాబుల్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. రూటర్ మౌనంగా ఉండి, 1.1.1.1 పలికితే రూటర్లో ప్రశ్నల్ని బయటికి చేరవేసే భాగం (డీఎన్ఎస్ ఫార్వర్డర్) చచ్చిపోయింది, మీరు సర్వర్ మార్చుకోవచ్చు. రెండూ మౌనమైతే ఫైర్‌వాలో నెట్‌వర్కో డీఎన్ఎస్ ప్రశ్నలు వెళ్లే 53వ పోర్టుని ఆపుతోంది, అప్పుడు 8.8.8.8 పెట్టినా 9.9.9.9 పెట్టినా ఒరిగేదేమీ లేదు. రెండూ పలుకుతుంటే తప్పు మీ మెషీన్ లోపలే ఉంది. సర్వ్‌ఫెయిల్ వస్తే సర్వర్ బతికే ఉంది, జవాబు తేలేకపోయింది. ఎన్ఎక్స్‌డొమైన్ వస్తే అసలు ఆ పేరే లేదంటోంది, ముందు స్పెల్లింగు చూసుకోండి. మీరు మార్చినప్పుడు పనిచేస్తోంది కాబట్టి మీది మొదటి రకమే.

డిగ్ లేదా? అదే గొడవ. ఉబుంటులో అది బైండ్9-డీఎన్ఎస్‌యుటిల్స్ ప్యాకేజీలో ఉంటుంది. పేర్లు పలకని మెషీన్‌లో ప్యాకేజీ ఎలా దించుతారు? నెట్ బాగున్న రోజునే దించి పెట్టుకోవాల్సిన సరుకు ఇది. అంతవరకూ «రిజాల్వ్‌సీటీఎల్ క్వెరీ ఎగ్జాంపుల్.కామ్»తో గడుపుకోవచ్చు.

ఒక మెలిక కూడా చెప్పాలి. కొన్ని నెట్‌వర్కులు 53వ పోర్టు మీద ఎటు వెళ్లే ప్రశ్ననైనా దారిలోనే పట్టుకుని తామే జవాబిస్తాయి. మీరు 1.1.1.1 ని అడిగాననుకుంటారు, పలికింది ఇంకొకరు. దీన్ని పట్టుకోవడానికి «డిగ్ @192.0.2.1 ఎగ్జాంపుల్.కామ్» కొట్టండి. 192.0.2 తో మొదలయ్యే అడ్రస్‌లు పుస్తకాల్లో ఉదాహరణల కోసం పక్కన పెట్టినవి, అక్కడ ఏ సర్వరూ ఉండదు. అయినా జవాబొచ్చిందంటే మధ్యలో ఎవరో కూర్చున్నారు.

కళ్లారా చూడాలంటే రెండు టెర్మినళ్లు తెరవండి. ఒకదాంట్లో:

సుడో టీసీపీడంప్ -ఎన్ఐ ఎనీ పోర్ట్ 53

రెండోదాంట్లో «గెట్ఎంట్ ఏహోస్ట్స్ ఎగ్జాంపుల్.కామ్». ఎంటర్ నొక్కగానే మొదటి దాంట్లో లైన్లు కురుస్తాయి. ముందు ఎల్ఓ కార్డు మీద 127.0.0.53 వైపు రెండు ప్రశ్నలు పోతాయి, ఒకటి «ఎ?», ఇంకోటి «ఏఏఏఏ?», అంటే ఐపీవీ4 కి ఒకటి, ఐపీవీ6 కి ఒకటి. వెంటనే వైఫై కార్డు మీద అవే ప్రశ్నలు రూటర్ వైపు వెళ్తాయి. ప్రతి ప్రశ్న ముందూ ఒక నంబరు, పక్కన ప్లస్ గుర్తు ఉంటాయి. అదే నంబరుతో అటునుంచి తిరుగు లైను రావాలి. మీ కేసులో అది రాదు. కాసేపు నిశ్శబ్దం, మళ్లీ అదే ప్రశ్న, మళ్లీ నిశ్శబ్దం, చివరికి రెండో టెర్మినల్ ఉత్త చేతులతో ప్రాంప్ట్‌కి వస్తుంది. అసలు వైఫై మీద ప్రశ్నే బయలుదేరకపోతే మాత్రం గుమాస్తా నిద్రపోతున్నట్టు: «సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ సిస్టమ్‌డీ-రిజాల్వ్డ్» చూడండి. ఈ రెండు నిమిషాల పని గంటల తరబడి సెట్టింగులు కెలకడాన్ని తప్పిస్తుంది.

అడిగిన ప్రశ్నకి వస్తాను. శాశ్వతమైన మార్పు కనెక్షన్లని నడిపే నెట్‌వర్క్‌మేనేజర్‌కి చెప్పాలి, ఫైలుకి కాదు. «ఎన్ఎంసీఎల్ఐ కాన్ షో» కొడితే కనెక్షన్ పేరు వస్తుంది. ఆ పేరుతో:

ఎన్ఎంసీఎల్ఐ కాన్ మాడ్ "పేరు" ఐపీవీ4.డీఎన్ఎస్ "1.1.1.1 9.9.9.9"
ఎన్ఎంసీఎల్ఐ కాన్ మాడ్ "పేరు" ఐపీవీ4.ఇగ్నోర్-ఆటో-డీఎన్ఎస్ యెస్
ఎన్ఎంసీఎల్ఐ కాన్ మాడ్ "పేరు" ఐపీవీ6.ఇగ్నోర్-ఆటో-డీఎన్ఎస్ యెస్
ఎన్ఎంసీఎల్ఐ కాన్ అప్ "పేరు"

మూడో లైను మరిచిపోయేవాళ్లే ఎక్కువ. రూటర్ ఐపీవీ6 ద్వారా కూడా తన డీఎన్ఎస్ అడ్రస్‌ని ప్రకటిస్తుంది. ఐపీవీ4 ఒక్కటే మూస్తే ఆ చచ్చిన సర్వరే దొడ్డిదారిన మళ్లీ జాబితాలో చేరుతుంది, మీరేమో «చేశాను, అప్పుడప్పుడూ పనిచేస్తోంది» అంటారు. నాలుగో లైను కొట్టేదాకా ఏదీ అమల్లోకి రాదు. ఆ తర్వాత «రిజాల్వ్‌సీటీఎల్ ఫ్లష్-కాషెస్», మళ్లీ ఒకసారి స్టేటస్. పాత అడ్రస్ పోయిందో లేదో కళ్లతో చూసుకోండి.

మోడ్ ఫారిన్ అని చూపిస్తే అంతకుముందే లింకుని పాత చోట నిలబెట్టాలి:

సుడో ఎల్ఎన్ -ఎస్ఎఫ్ ../రన్/సిస్టమ్‌డీ/రిజాల్వ్/స్టబ్-రిజాల్వ్.కాన్ఫ్ /ఈటీసీ/రిజాల్వ్.కాన్ఫ్

ఈ సందర్భంలో ఒక ఘోరం గురించి చెప్పకుండా ఉండలేను. «చ్యాట్టర్ +ఐ కొట్టి ఫైలుకి తాళం వేసేయండి, ఎవరూ మార్చలేరు» అని ఉచిత సలహా తిరుగుతుంటుంది. నిజమే, ఎవరూ మార్చలేరు. వీపీఎన్ కూడా మార్చలేదు. ఆ ఫైలు రాయడం మీదే ఆధారపడే వీపీఎన్ అయితే కనెక్ట్ అవుతుంది గానీ ఆఫీసు సర్వర్ల పేర్లు మాత్రం పలకవు. తాళం వేసిన సంగతి అప్పటికి ఎవరికీ గుర్తుండదు. రూట్ యూజర్‌కి కూడా పర్మిషన్ లేదంటుంటే «ఎల్ఎస్ఏట్టర్ /ఈటీసీ/రిజాల్వ్.కాన్ఫ్» కొట్టండి. ఐ అక్షరం కనపడితే ఎవరి పుణ్యమో తెలిసిపోతుంది. మైనస్ ఐ తో తీసేయండి.

రిజాల్వ్డ్ లేని మెషీన్లలో, ఉదాహరణకి డెబియన్ మామూలు ఇన్‌స్టాల్‌లో, ఆ ఫైల్ని ప్రోగ్రాములు నేరుగా చదువుతాయి. అక్కడ మూడు నేమ్‌సర్వర్ లైన్లకే లెక్క, నాలుగోది రాసినా జీలిబ్‌సీ (ప్రోగ్రాములు పేర్లు వెతకడానికి వాడే లైబ్రరీ) పట్టించుకోదు. మొదటి సర్వర్ చచ్చిపోయి ఉంటే 5 సెకన్లు ఆగి రెండోదాన్ని అడుగుతుంది. ఒక పేజీ పదిచోట్ల నుంచి బొమ్మలు, స్క్రిప్టులు లాగుతుంది కదా, అలాంటి ప్రతి కొత్త పేరుకీ ఈ ఆలస్యం వచ్చి పడుతుంది. జనం «నెట్ స్లోగా ఉంది» అని స్పీడ్ టెస్ట్ చేస్తారు, అదేమో వేగం బ్రహ్మాండంగా చూపిస్తుంది. «ఆప్షన్స్ టైమౌట్:1» అని ఒక లైను చేరిస్తే నొప్పి తగ్గుతుంది, జబ్బు మాత్రం ఆ మొదటి లైనే. ఇంకో అపోహ: మొదటి సర్వర్ «ఆ పేరు లేదు» అంటే రెండోదాన్ని అడుగుతుందనుకోవడం. అడగదు. మౌనంగా ఉంటేనో, నాకు చేతకాదంటేనో ముందుకు వెళ్తుంది, లేదని చెబితే అదే తుది మాట. ఆఫీసు సర్వర్ ఒకటి, 8.8.8.8 ఒకటి కలిపి రాసేవాళ్లు ఇక్కడే బోల్తా కొడతారు.

డిగ్‌లో పేరు పలుకుతోంది, ప్రోగ్రాములో పలకట్లేదు అనే రకం ఇంకొకటి ఉంది. డిగ్ నేరుగా డీఎన్ఎస్‌నే అడుగుతుంది. ప్రోగ్రాములు మాత్రం /ఈటీసీ/ఎన్ఎస్ఎస్‌విచ్.కాన్ఫ్‌లో హోస్ట్స్ అనే లైను చూసి ఆ వరసలో పోతాయి. ఫైల్స్ ముందుంటుంది, అంటే హోస్ట్స్ ఫైల్లో ఎప్పుడో పరీక్ష కోసం రాసి మరిచిపోయిన లైనుదే పైచేయి. ఎండీఎన్ఎస్4_మినిమల్ (ఇంటి నెట్‌వర్క్‌లోని .లోకల్ పేర్లు వెతికేది) తర్వాత బ్రాకెట్లలో నాట్‌ఫౌండ్=రిటర్న్ అని ఉంటే, .లోకల్ తో ముగిసే పేర్లు డీఎన్ఎస్ దాకా పోకుండా అక్కడే ఆగిపోతాయి. అందుకే పరీక్ష ఎప్పుడూ గెట్ఎంట్‌తోనూ చేయాలి, ఒక్క డిగ్‌తో తీర్పు చెప్పకూడదు. బ్రౌజర్ది మరో దారి. ఫైర్‌ఫాక్స్‌లో డీఎన్ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్ (పేర్ల ప్రశ్నల్ని వెబ్ దారిలోనే పంపడం) ఆన్‌లో ఉంటే అది ఈ ఏర్పాటునంతా దాటుకుని నేరుగా పోతుంది. బ్రౌజర్ బాగుండి, ప్యాకేజీలు దించే ఏపీటీ మాత్రం «టెంపరరీ ఫెయిల్యూర్» అని ఏడుస్తుంటే చాలాసార్లు కారణం ఇదే.

చిన్న పేజీలు వచ్చి పెద్దవి సగంలో వేలాడితే అది డీఎన్ఎస్ కాదు, ఎంటీయూ, అంటే లైను మీద ఒక్కసారికి పోగల ప్యాకెట్ గరిష్ఠ సైజు. «పింగ్ -ఎమ్ డూ -ఎస్ 1472 1.1.1.1» కొట్టండి, ఇందులో ఎమ్ ఒక్కటే పెద్ద అక్షరం. అది పోకుండా 1464 పోతే మీ లైను 1492 ది (హెడర్లకి 28 కలుపుకోవాలి), పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే బ్రాడ్‌బ్యాండ్ లైను) అయితే అది మామూలే. రూటర్లో ఎంఎస్ఎస్ క్లాంపింగ్ (ప్యాకెట్లని లైనుకి పట్టే సైజుకి కుదించే సెట్టింగు) ఆన్ చేస్తే సరిపోతుంది.

పై నాలుగు ఎన్ఎంసీఎల్ఐ లైన్ల తర్వాత కూడా పేర్లు పలకకపోతే రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్ మొత్తం, ఆ రెండు డిగ్‌ల జవాబులు, ఎల్ఎస్ -ఎల్ లైను ఇక్కడ పెట్టండి. కాపీ చేసి అతికించండి, దయచేసి స్క్రీన్‌ని ఫోన్‌తో ఫోటో తీసి పెట్టకండి. అందులో 1 ఏదో 7 ఏదో ఎవరికీ తెలియదు.