ఐపీ అడిగిన మనిషికి ముందు కుర్చీ వెయ్యి

ఆదోని

చి. అమ్మాయికి,

పెద్దనాయన దీవించి రాసేది. మొన్న రాత్రి ఫోన్లో నువ్వు అడిగినదానికి నేను తప్పు జవాబు చెప్పాను. కుట్టుమిషన్ పెట్టుకుని బతికే ఒకామె నీ టేబుల్ దగ్గరికి వచ్చి “ఐపీ పెట్టుకోవచ్చా మేడం” అని అడిగిందన్నావు, అంటే అప్పులు తీర్చలేనని కోర్టులో ఇన్సాల్వెన్సీ (దివాలా) పిటిషన్ వేసుకోవచ్చా అని. “అవన్నీ మనలాంటోళ్లకు కాదులేమ్మా, లోక్ అదాలత్‌లో ఏదో సర్దిచెప్పి పంపించెయ్” అన్నాను. ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. ముప్పై ఎనిమిదేళ్లు ప్లీడరు గుమాస్తాగా కోర్టు మెట్లు ఎక్కి దిగిన నా నోట్లోంచే ఆ మాట వచ్చింది. నువ్వు న్యాయ సేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీరుగా చేరి ఇంకా రెండు నెలలు కాలేదు. నా మాట పట్టుకుని ఇంకో నలుగుర్ని వెనక్కి పంపేలోపు ఇది రాస్తున్నా.

మన ఊళ్లో ఐపీ అంటే తిట్టు. యార్డులో పత్తి కొన్న వ్యాపారి రైతులకు డబ్బు ఎగ్గొట్టి, ఇల్లు బావమరిది పేరుకు మార్చి, షాపుకు తాళం వేసి “ఐపీ పెట్టినాడు” అనిపించుకోవడం నేను కళ్లారా చూశాను. అట్లాంటి కేసుల్లో నేను రైతుల పక్షమే, ఇప్పటికీ. కానీ ఆ పెద్దమనుషుల వల్ల వచ్చిన చెడ్డపేరు మోసేది ఎవరో చూడు. హమాలీ, టీ బండి అతను, మిషన్ కుట్టే ఆమె. వాళ్లకు ఆ మాట అనడానికే సిగ్గు. అప్పులవాళ్లు గడప తొక్కుతుంటే రాత్రికి రాత్రే బెంగళూరు బస్సెక్కుతారు గానీ కోర్టు వైపు చూడరు. చట్టం మాత్రం వ్యాపారి అనలేదు, పెద్దోడనలేదు. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ యాక్టే మన జిల్లా కోర్టుల్లో ఇప్పటికీ నడుస్తోంది. అప్పులు ఐదొందల రూపాయలకు చేరి, తీర్చలేని స్థితిలో ఉంటే చాలు, మనిషి తనంతట తానే పిటిషన్ వేసుకోవచ్చు. ఆ ఐదొందలు అప్పట్లో పెద్ద మొత్తం, ఇప్పుడు ఒక పూట హోటల్ బిల్లు. అంకె మార్చాలని ఎవరికీ తట్టలేదు, అదీ ఒకందుకు మంచిదే. తీర్చలేనని కూడా గట్టిగా నిరూపించనక్కర్లేదు, పైకి చూస్తే నిజమే అనిపించేంత ఆధారం చాలు.

ఎవరో ఒకరు ఫోన్లో చూసి, “2016లో కొత్త దివాలా చట్టం వచ్చింది కదా, అందులో పేదలకు అప్పు మొత్తం కొట్టేస్తారంట” అని నీ దగ్గరికి వస్తారు. ఉన్నమాటే. ఏడాది ఆదాయం అరవై వేలు, ఆస్తి ఇరవై వేలు, అప్పు ముప్పై ఐదు వేలు మించనివాళ్లకు, సొంతిల్లు లేనివాళ్లకు ‘ఫ్రెష్ స్టార్ట్’ అని అందులో రాశారు. కానీ మామూలు మనుషులకు ఆ భాగాన్ని అమల్లోకి తేలేదు. కంపెనీల అప్పులకు జామీను పడినవాళ్లకు మాత్రం 2019 డిసెంబరు నుంచి వర్తింపజేశారు. పేదల కోసం రాసిన పేజీ పుస్తకంలోనే ఉండిపోయింది. దాన్ని చూపించి ఎవరికీ ఆశ పెట్టకు.

ఇక ఆమె విషయం. మళ్లీ వచ్చినప్పుడు ముందు కుర్చీ వెయ్యి. “మొత్తం అప్పెంత?” అని మొదలుపెట్టకు. ఆ ప్రశ్నకు ఎవరూ నిజం చెప్పరు, అబద్ధమాడాలని కాదు, వాళ్లు ఎప్పుడూ లెక్క కూడి ఉండరు. “పొద్దున్నే ఇంటికి ఎవరొస్తారు?” అని అడుగు. ఒక పేరు చెబుతుంది. ఆ తర్వాత ఎవరు, వారం కంతు ఎవరికి, రోజు కంతు ఎవరికి, అంటూ ఒక్కొక్కటే వస్తాయి. ఆమె సంచి తెచ్చుకుంటుంది, అందరూ తెస్తారు. కారీబ్యాగులో బ్యాంకు పాస్‌బుక్కు, చీటీల కార్డు, గ్రూపు లోను పుస్తకం, మడతలు పడిన కరెంటు బిల్లు, వాటి మధ్య ఎక్కడో కోర్టు సమన్లు. ఆ సమన్లలో వాయిదా దాటిపోయి ఉంటుంది చాలాసార్లు. ముందు అది చూడు, ఆమె తాగే నీళ్లు తర్వాత.

జాబితా నీ చేత్తో రాయి. ఎవరికి, ఏ ఊరు, ఎప్పుడు తీసుకుంది, ఎంత, ఎంత కట్టింది, ఏ కాగితం ఇచ్చింది. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి ముప్పై ఆరు శాతం అని పక్కన రాసి ఆమెకు చూపించు. చాలామంది ఆ అంకె మొదటిసారి చూసేది నీ టేబుల్ మీదే. ఖాళీ ప్రోనోటు మీద సంతకం పెట్టిందా, ఖాళీ చెక్కు ఇచ్చిందా అన్నది విడిగా అడుగు. ఇంకో సంగతి, నోటు వెనక చెల్లు. ప్రోనోటుకు మూడేళ్ల గడువు. గడువు దగ్గర పడగానే అప్పిచ్చినాయన నవ్వుతూ వచ్చి, “వందో యాభయ్యో ఇచ్చి వెనక సంతకం పెట్టమ్మా” అంటాడు. ఆ సంతకంతో మూడేళ్లు మళ్లీ మొదలు. సంతకం పెట్టవద్దని చెప్పే పని నీది కాదు, పెడితే ఏమవుతుందో చెప్పాల్సింది మాత్రం నువ్వే.

చుట్టాల చేబదుళ్లు రాయించుకోరు. “తమ్ముడికిచ్చేది అప్పేంది మేడం” అంటారు. రాయించు. ఆస్తి కూడా అంతే, ఊళ్లో అరెకరం ఉందని చివర్లో బయటపడుతుంది. పిటిషన్‌లో అప్పులన్నీ, ఆస్తులన్నీ చూపించాలి. దాచింది తర్వాత దొరికితే అది నేరం కిందికి వస్తుంది. పిటిషన్‌కు ముందు రెండేళ్లలో ఊరికే రాసిచ్చిన ఆస్తి బదిలీని కోర్టు కొట్టేయగలదు. మూడు నెలల్లోపు, తీర్చలేనని తెలిసీ ఒకరికి మాత్రం మేలు చేయాలని కట్టింది కూడా తిరగబడొచ్చు. కాబట్టి “ముందు మా అక్క డబ్బు తీర్చేసి వస్తా” అంటే ఆపు.

పోయేవి ఏవి, పోనివి ఏవి అన్నది ఆమెకు మొదట్లోనే చెప్పు, ఎందుకంటే వాళ్ల భయమంతా అక్కడే. కట్టుబట్టలు, వంటపాత్రలు, పనిముట్లు జప్తుకు రావు. ఆమె కుట్టుమిషన్ పనిముట్టే. మతాచారం ప్రకారం ఆడమనిషి వదులుకోలేని నగలు కూడా రావు, తాళి పోతుందని ఏడ్చే ఆడవాళ్లకు ఇది చెప్పి చూడు, ముఖంలో రక్తం తిరిగొస్తుంది. రైతు, కూలీ, తాము కాపురముండే సొంతిల్లు కాపాడుకోవచ్చు, తనఖా పెట్టి ఉండకపోతే. డబ్బు కట్టమని కోర్టు ఇచ్చిన డిక్రీకి ఆడవాళ్లను అరెస్టు చేయకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనే ఉంది. మగవాళ్ల సంగతి కూడా, కట్టే స్థోమత లేదన్న ఒక్క కారణానికే జైల్లో వేయకూడదని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. “జైలుకు పంపిస్తా” అని ఏజెంటు అరిస్తే ఈ రెండూ గుర్తుపెట్టుకో.

ఐపీతో పోని అప్పులూ ఉన్నాయి. తనఖా ఉన్న బ్యాంకు అప్పు, కుదవ పెట్టిన బంగారం, వాటి మీద హక్కు అప్పిచ్చినవాళ్లదే. చెక్కు బౌన్స్ కేసు ఆగదు. ప్రభుత్వానికి కట్టాల్సినవి, మోసం చేసి తెచ్చుకున్నవి, భార్యాబిడ్డల మనోవర్తి అలాగే ఉంటాయి. జామీను పడినవాడి మెడకూ అప్పు అలాగే ఉంటుంది. గ్రూపు లోనులో మిగతా నలుగురు ఆడవాళ్లు ఉన్నారు కదా, వాళ్ల సంగతి ఆమెకు చెప్పకుండా పిటిషన్ రాయించావంటే ఒక ఇల్లు కాపాడి నాలుగిళ్లతో వైరం పెట్టినట్టు.

అందుకే అందరికీ ఐపీ మందు కాదు. ఆమెకున్నవి మైక్రోఫైనాన్స్ కంతులే అయితే ముందు వేధింపు ఆపించు. అట్లాంటి అప్పులకు వసూలు ఏజెంట్లు ఉదయం తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత రాకూడదని రిజర్వ్ బ్యాంకు 2022 నిబంధన. ముందు ఆ కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టించు, ముప్పై రోజుల్లో పట్టించుకోకపోతే అక్కడ ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, ఖర్చేమీ లేదు. రిజర్వ్ బ్యాంకు వాళ్ల 14448 నంబరు గోడ మీద అంటించు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, దాని మీద అప్పీలు లేదు. అందుకే ఆమె కట్టలేని వాయిదాలకు ఒప్పించకు. నెలకు ఆరు వేలు సంపాదించే మనిషి నాలుగు వేల వాయిదాకు తలూపితే, అది సిగ్గుతో ఊపిందే.

వకీలు ఫీజు లేదని ఆగిపోయేవాళ్లే ఎక్కువ. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. మిగతావాళ్లకు మన రాష్ట్రంలో ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉండాలి. వకీలే కాదు, కోర్టు ఫీజు, టైపు ఖర్చు, నోటీసులు పంపే ఖర్చు, అదే బత్తా, కూడా న్యాయ సేవాధికార సంస్థే చూసుకోవాలి. పదిహేను మంది అప్పులవాళ్లుంటే పదిహేను నోటీసులు, పేదవాడి ఐపీ ఆగేది చాలాసార్లు ఆ బత్తా దగ్గరే. అప్లికేషన్లో అది విడిగా రాయి. ఎవరైనా “ఇంత చిన్న అప్పుకు ఐపీ ఏంటి” అని నవ్వితే, నవ్వింది ఎవరో పేరుతో సహా నోట్ చేసుకో. నవ్వు ఆగుతుంది.

ఎవరు అర్హులు అని నువ్వు తూచకు. కూతురి పెళ్లికి చేసినామె మీద జాలి, బెట్టింగ్ యాప్‌లో పోగొట్టుకున్న పిల్లోడి మీద కోపం వస్తాయి, నాకూ వస్తాయి. జూదం, దుబారా ఉంటే డిశ్చార్జి, అంటే అప్పుల నుంచి విడుదల, ఇచ్చేటప్పుడు జడ్జిగారు అడుగుతారు, దానికి చట్టంలో సెక్షన్ ఉంది. నీ టేబుల్ దగ్గర ఆ సెక్షన్ లేదు. ఇద్దరికీ ఒకే కుర్చీ.

డిశ్చార్జి అన్నాను కదా, అది చెప్పడానికే ఇంత రాశాననుకో. చానా ఏళ్ల కింద ఒక సైకిల్ షాపు ఆయన పిటిషన్ మా ఆఫీసులో నేనే రాశాను. సబ్‌కోర్టులో అలో అయింది. ఆయన దివాలాదారు అని ఆర్డరు వచ్చిన రోజు మా ఇంటికి అరటిపళ్లు తెచ్చిచ్చాడు. అందరూ అక్కడితో అయిపోయిందనుకుంటారు. కాలేదు. ఇంత కాలంలోపు డిశ్చార్జికి అప్లికేషన్ పెట్టాలని ఆ ఆర్డరులోనే జడ్జిగారు గడువు రాస్తారు. పెట్టకపోతే దివాలా ఆర్డరే రద్దవుతుంది, అప్పులవాళ్లు మళ్లీ మొదట్నుంచి రావచ్చు. నాకు ఆ గడువు తెలుసు. డైరీ మార్చేటప్పుడు పాత డైరీలోంచి కొత్త డైరీలోకి ఎక్కించలేదు. గడువు దాటింది, ఆర్డరు రద్దయింది. అప్పులవాళ్లలో ఒకరు తన డిక్రీ అమలు చేయమని ఈపీ వేస్తే, కోర్టు అమీనా వెళ్లి షాపులో ఉన్న కొత్త సైకిళ్లు జప్తు చేశాడు. ఆయన నన్నేమీ అనలేదు. “నువ్వు మర్చిపోయినావు, మాకు గుర్తుంది” అని ఆయన భార్య అన్న మాటకు నా దగ్గర ఈనాటికీ జవాబు లేదు. ఐపీ మనలాంటోళ్లకు కాదు అని నేను అనడం ఆ తర్వాతే మొదలైందేమో, ఈ రాత్రి ఆలోచిస్తే అనిపిస్తోంది.

మీ తమ్ముడి చేత ఒక లాంగ్ నోటుబుక్కు పంపుతున్నాను. పేజీకి ఏడు గళ్లు కొట్టి ఉన్నాయి, పేరు నుంచి కేసు నంబరు దాకా. చివరి గడికి ఎర్ర సిరాతో గీత గీశాను, అందులో డిశ్చార్జి గడువు రాయాలి. ఆర్డరు కాపీ చేతికొచ్చిన రోజే రాసుకో. సోమవారం ఆమెను సంచితో రమ్మను, నేను పది గంటలకల్లా వస్తాను.

ఇట్లు,
మీ పెద్దనాయన