ఏడాది పక్కన పెట్టిన సెకండ్ హ్యాండ్ స్ప్లెండర్, కొత్త బ్యాటరీ వేసినా స్టార్ట్ కావట్లేదు

మీ బండి కార్బురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) ఉన్న మోడలే అంటున్నారు కాబట్టి అనుమానం పాత పెట్రోల్ మీదే. సెల్ఫ్ స్టార్టర్ బాగానే తిరుగుతోందని కూడా అన్నారుగా, బ్యాటరీని వదిలేయండి.

1. ట్యాంకులో పాతది తీసేసి ఒక లీటరు కొత్తది పోయండి.

2. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. కార్బురేటర్ అడుగు గిన్నెలో పాత పెట్రోల్ అలాగే ఉంటుంది. ఇంజిన్‌కి ముందు అందేది అదే. ఫ్యూయల్ కాక్ (ట్యాంకు కింద పెట్రోల్ ఆపే కుళాయి) మూసి, గిన్నె కింది డ్రైన్ స్క్రూ వదులు చేసి సీసాలోకి దించండి. జిగటగా, ఘాటు వాసనతో వస్తే కారణం దొరికినట్టే. దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

3. స్క్రూ బిగించి, కాక్ తెరిచి, గిన్నె నిండేదాకా కాసేపు ఆగండి. చోక్ (చల్లటి ఇంజిన్‌కి పెట్రోల్ పాలు పెంచే మీట) వేసి కిక్ కొట్టండి.

చోక్ తీయగానే ఆగిపోతుంటే పైలట్ జెట్ (ఐడిలింగ్‌లో పెట్రోల్ అందించే కార్బురేటర్ లోపలి సన్న రంధ్రం) మూసుకుపోయి ఉండొచ్చు. విప్పించి కార్బ్ క్లీనర్‌తో కడిగించండి, పిన్నీసుతో మాత్రం పొడవనివ్వకండి.