ఊడ్పులప్పుడు రండి, డిసెంబరు దాకా ఎందుకు

"గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల పక్షుల్ని చూడాలంటే ఏ నెల మంచిది, ఎక్కడికెళ్ళాలి, కెమెరా ఏది కొనాలి?" అని అడిగారు. నాకన్నా ముందు జవాబులిచ్చిన వాళ్ళంతా నవంబరు నుంచి ఫిబ్రవరి అనేశారు, ఒకళ్ళని చూసి ఒకళ్ళు రాసినట్టు. నన్నడిగితే జులై ఆఖరు, ఆగస్టు. కాలవలకి నీళ్ళొదిలి, వరి ఊడ్పులు సాగే రోజులు. కెమెరా సంగతి తర్వాత, ముందు బురదకి పనికొచ్చే పాత చెప్పులు చూసుకోండి.

నేను మందుల కంపెనీ రెప్పుని. పదకొండేళ్ళుగా గుంటూరు నుంచి నందివెలుగు మీదుగా తెనాలికి వారానికి మూడుసార్లు బండి మీద పోతుంటాను. డాక్టర్లు మమ్మల్ని పేషెంట్లంతా అయిపోయాకగానీ లోపలికి పిలవరు. అందుకని పొద్దున పూట నాకు బోలెడు ఖాళీ. పక్షుల పిచ్చి అలా పట్టింది, పుస్తకాలు చదివి కాదు.

నాలుగైదేళ్ళ కిందట ఓ ఆగస్టు పొద్దున దమ్ము చేసిన మడిలో నత్తగుల్ల కొంగలు ఇరవై దాకా దిగి ఉన్నాయి. బండి గట్టున ఆపాను. ముక్కు మూసినా మధ్యలో సందు కనబడే కొంగ మన దేశంలో ఇదొక్కటే. పిల్లగా ఉన్నప్పుడు ఆ సందు ఉండదు, ఎదిగేకొద్దీ వస్తుంది. ఆ సందులో నత్తని పెట్టి, అడకత్తెరలో వక్కలా పుటుక్కున పగలగొడుతుందని నా నమ్మకం. అంతకుముందు ఇద్దరు ముగ్గురికి ఆ మాట గొప్పగా చెప్పాను కూడా.

ఒక కొంగ నాకు పది గజాల్లో ఉంది. ముక్కు మొత్తం బురద నీళ్ళలో ముంచి, తల కిందకీ పైకీ ఆడిస్తోంది, రోట్లో ఏదో నూరుతున్నట్టు. కాసేపటికి తల ఎత్తి ఏదో మింగింది. గుల్ల పగిలిన చప్పుడేదీ వినబడలేదు. వెనక నుంచి ఓ పెద్దాయన, భుజాన పారతో, "ఏందయ్యా, అరగంట నుంచి ఆ కొంగనే చూస్తన్నావు, బేరమాడతావా?" అన్నాడు. నా అడకత్తెర సిద్ధాంతం ఆయనకీ వినిపించాను. ఆయనేం మాట్లాడకుండా మడిలోకి దిగి, కొంగ నిలబడ్డ చోట చెయ్యిపెట్టి, మూడు గుల్లలు తీసి నా చేతిలో పోశాడు. మూడూ ఖాళీ. మూడిట్లో ఒక్కదానికీ చిన్న పగులు లేదు!

"పగలగొడితే పెంకులన్నీ నోట్లోకొస్తయ్ గదయ్యా. అది మూత కోసుద్ది, లోపల మాంసం లాగుద్ది" అన్నాడు. తర్వాత చదివి చూస్తే పక్షిశాస్త్రం వాళ్ళు చెప్పేదీ అదే: పై ముక్కుతో గుల్లని నేలకి అదిమిపట్టి, కింది ముక్కు కొసని మూత పక్కనుంచి లోపలికి దూర్చి, కండ తెంపుతుంది. అదంతా బురద నీళ్ళలో, కంటికి కనబడకుండానే! మనమేమో పీతని తినడానికి పళ్ళెం చుట్టూ యుద్ధం చేస్తాం.

ఈ కొంగల్నే పేపర్లలో, వాట్సాప్‌లో "సైబీరియా పక్షులు" అని రాస్తుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఎర్రకాళ్ళ కొంగా (పెయింటెడ్ స్టార్క్) సైబీరియాదే, గూడబాతూ (పెలికాన్) సైబీరియాదే, నత్తగుల్ల కొంగా సైబీరియాదే! ఇవన్నీ మన దేశంలోనే గూళ్ళు కట్టుకుని పిల్లల్ని చేసే పక్షులు. నత్తగుల్ల కొంగైతే మన పక్కనున్న దేశాలూ, థాయిలాండ్ వైపూ తప్ప సైబీరియా మొహమే చూడలేదు. నిజంగా చలికాలంలో ఉత్తరాది నుంచి వచ్చే సూదితోక బాతుని మాత్రం "ఏదో బాతు" అనేస్తారు.

కొల్లేరు వద్దనను. 2002లో రామ్‌సర్ జాబితాకి, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాకి, ఎక్కిన సరస్సు. కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతుల్ని చూస్తే కడుపు నిండుతుంది. కానీ పడవలో అందరూ అరుస్తూ సెల్ఫీలు దిగుతుంటే చూసేది పక్షుల్నా, మనుషుల్నా? గుంటూరు పక్కనే ఉప్పలపాడు ఉంది, చెరువు మధ్యన సర్కారు తుమ్మల మీద గూళ్ళు. అక్కడికి ఏప్రిల్ ఎండలో వెళ్ళండి. ఎర్రకాళ్ళ కొంగ తల్లి రెక్కలు విప్పి పిల్లలకి గొడుగులా నీడ పడుతుంది. గూడబాతు నోరు తెరిచి గొంతు కింది సంచిని టపటపా ఆడిస్తూ ఒళ్ళు చల్లార్చుకుంటుంది. ఓసారి పెద్ద లెన్సు పెట్టుకున్న ఒకాయన, ఎగిరే ఫోటో కావాలని గట్టున నిలబడి చప్పట్లు కొట్టాడు. తల్లులు లేస్తే పిల్లలు ఆ ఎండలో మాడిపోతాయి. "సార్, ఇంకోసారి కొట్టారంటే ఊళ్ళోవాళ్ళని పిలుస్తా" అంటే నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి కారెక్కాడు. కెమెరా గురించి అడిగారు కదా, నా జవాబు అదే.

మిగతా కాలాలంటారా. ఊడ్పులప్పుడే ట్రాక్టరు వెనకాల నడిచే తెల్ల కొంగల తలా మెడా పసుపు ముద్ద రాసినట్టుంటాయి, చలికాలానికి మళ్ళీ సున్నం తెలుపు. గిజిగాడు గూడల్లేదీ వానల్లోనే. కోతలయ్యాక ఒకప్పుడు ఈ పొలాల్లో మినుమే ఉండేది. ఆకుల్ని పసుపెక్కించే పల్లాకు తెగులు దెబ్బకి ఇప్పుడు చాలామంది దున్నకుండానే మొక్కజొన్న, జొన్న వేస్తున్నారు. జొన్న కంకి పాలు పోసుకునే వేళకి గులాబీ గోరింకలు గుంపులుగా దిగుతాయి. రైతు డబ్బా వాయిస్తూ తిడుతుంటాడు, నేను గట్టున నిలబడి మురిసిపోతుంటాను. ఇద్దరిదీ న్యాయమే.

ఆ పెద్దాయన మడి ఇప్పటికీ నా దారిలోనే ఉంది. హారన్ కొడితే పార పైకెత్తి అరుస్తాడు: "నీ చుట్టాలు ఇయ్యాల కాలవ అవతల దిగారయ్యా!"